వంటింటి ప్రశ్నలు: ఆలుగడ్డను పొట్టుతోని కాల్చుడు ఎట్ల?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్ల సగానికంటె ఎక్కువ ఒక్క ఆలుగడ్డ మీదనే ఉన్నయి. హైదరాబాద్ పోయినప్పుడు మాల్‌ల తిన్నోళ్లు, పిల్లలు ఫోన్ల చూసి చేయమంటున్నరని రాసినోళ్లు, అమెరికాల బిడ్డ ఇంటికాడ ఆర్నెల్లుండి వచ్చిన అమ్మలు, అందరు అడిగేది ఒక్కటే, ఆ బేక్డ్ పొటాటో మనింట్ల మంచిగ ఎట్ల అయితది అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఈసారి మొత్తం దీనికే ఇస్తున్న.

ప్రశ్న: కొత్తగ ఓటీజీ (కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్) కొన్నం. పెద్ద ఆలుగడ్డలకు ఫాయిల్ చుట్టి గంటసేపు పెట్టిన. మెత్తగనైతే అయినయి గని ఉడకబెట్టిన గడ్డ తిన్నట్టే ఉన్నది, పొట్టు తడితడిగ ఊడొచ్చింది. ఎక్కడ తేడా కొట్టింది? (మిర్యాలగూడ నుంచి ఒక అక్క)

ఫాయిల్ కాడ తేడా కొట్టింది అక్కా. ఆలుగడ్డల 100 గ్రాములకు 75 నుంచి 80 గ్రాములు నీళ్ళే ఉంటయి. కాల్చుడంటే ఆ నీళ్ళల్ల కొంత ఆవిరై బయటికి పోవాలె, పోతేనే లోపల పొడిపొడిగ విచ్చుకుంటది, పొట్టు ఎండి కరకర అంటది. ఫాయిల్ చుట్టినంక ఆ ఆవిరికి పోయే తోవ ఉండదు, లోపల్లోపలనే తిరిగి పొట్టును నానబెడతది, అంటే మీ ఓటీజీల జరిగింది ఆవిరికి ఉడుకుడే. పెద్ద హోటళ్ళల్ల ఫాయిల్ల పెట్టి ఇస్తరు కదా అని మీరు అనొచ్చు, అది వడ్డించేదాంక వేడి పోకుండ ఉండనీకి, రుచి కోసం కాదు.

ఈసారి ఇట్ల చేసి చూడండి. ఒక్కొక్కటి 200 నుంచి 250 గ్రాములు తూగే గడ్డలు తీసుకోండి, అన్నీ ఒక్క సైజుల ఉండాలె, లేకపోతే ఒకటి అయ్యేసరికి ఇంకోటి పచ్చిగనే ఉంటది. మట్టి పోయేటట్టు బ్రష్షుతోని రుద్ది కడిగి ఫోర్కుతోని అన్ని దిక్కుల ఏడెనిమిది పోట్లు పొడవండి, లోపలి ఆవిరికి దారి కావాలె, లేకుంటే ఎప్పుడో ఒకసారి పగులుతది. ఒక గ్లాసు నీళ్ళల్ల రెండు చెంచాల ఉప్పు కలిపి గడ్డల్ని అందుల ముంచి తీయండి, ఆ ఉప్పు నీళ్ళు పొట్టు మీద ఎండి సన్నగ పట్టుకుంటయి, పొట్టు కూడ తినబుద్ధి అయ్యేది దాంతోనే. ఓటీజీని ముందే 10, 15 నిమిషాలు వేడిచేసి, పైన కింద రెండు రాడ్లు ఆన్ ఉంచి, 200 డిగ్రీల మీద నడిమి జాలీ మీదనే గడ్డలు పెట్టండి, ట్రేల వద్దు, ట్రేల పెడితే అడుగు భాగం చెమ్మగ ఉంటది. 50 నిమిషాల నుంచి గంట పడతది.

అయిందా లేదా అని పైన ఒత్తి చూస్తే తెలువది, సన్న చాకు గాని ఇనుప పుల్ల గాని నడుమల గుచ్చితే ఎక్కడా ఆగకుండ దిగాలె. వంట థర్మామీటర్ ఉన్నోళ్లు 98 డిగ్రీలు చూసుకుంటె చాలు, లోపల నీళ్ళు ఉన్నంతసేపు గడ్డ నడిమిభాగం 100 దాటదు, అందుకే 98 దగ్గర తీస్తే సరిగ్గ ఉంటది. అప్పుడు బయటికి తీసి పల్లినూనె చేత్తోని రాసి ఇంకో 10 నిమిషాలు లోపల పెట్టండి. నూనె మొదలే రాయొచ్చు, చానా మంది అట్లనే చేస్తరు, గని పొట్టు ముందు ఎండినంక నూనె పెడితే వచ్చే కరకర వేరే ఉంటది, నాకదే ఇష్టం.

ఆఖరు పని అన్నిటికంటె ముఖ్యం. తీసిన వెంటనే, చల్లారనీయకుండ, పైన ప్లస్ గుర్తు లెక్క కోసి బట్టతోని పట్టుకొని నాలుగు దిక్కుల నుంచి లోపలికి ఒత్తండి, బుస్సున ఆవిరి లేస్తది, అది పోవాలె. అట్లనే మూసి పక్కకు పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి లోపలి ఆవిరి మళ్ళ నీళ్ళై ముద్ద అయితది, గంట కష్టం పోతది.

ప్రశ్న: మా అంగడిల దొరికే ఆలుగడ్డ కాలిస్తే జిగటగ సబ్బు లెక్క ఉంటది, ఒక్కోసారి తియ్యగ కూడ ఉంటది. దీనికి వేరే ఆలుగడ్డ కొనాల్నా? (వనపర్తి)

చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే సగం పని గడ్డ కొన్న కాడనే అయిపోతది. అమెరికోళ్లు దీనికి రస్సెట్ అనే రకం వాడుతరు, పొట్టు మందంగ, గోధుమ రంగుల ఉంటది, పిండి ఎక్కువ నీళ్ళు తక్కువ. మన దగ్గర కూరగాయల అంగడిల రకం పేరు చెప్పి అమ్మరు, ఆగ్రా గడ్డ అంటరు, కొత్తగడ్డ పాతగడ్డ అంటరు, అంతే. గని మన దేశం రకాలు కూడ చానా ఉన్నయి, సిమ్లాల ఉన్న కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్ళు తీసినయి, అన్నిటి పేర్లు కుఫ్రీ అనే మొదలైతయి, కుఫ్రీ అంటే సిమ్లా దగ్గరి ఒక ఊరు. అందుల కుఫ్రీ చిప్సోనా చిప్స్ కంపెనీల కోసం తీసిన రకం, పిండి ఎక్కువ చక్కెర తక్కువ, కాల్చనీకి అది దొరికితే మీ అదృష్టమే. కుఫ్రీ జ్యోతి కూడ నడుస్తది. కుఫ్రీ పుఖ్‌రాజ్ తొందరగ పంటకొచ్చే రకం, పసుపు రంగుల నిగనిగలాడుతది, నీళ్ళ శాతం ఎక్కువ, కూరకు మంచిగనే ఉంటది గని కాలిస్తే మీరు చెప్పిన జిగట అదే.

పేరు తెలువకపోయినా ఇంట్ల పరీక్ష ఒకటి ఉన్నది. ఒక గ్లాసు ఉప్పుకు 11 గ్లాసుల నీళ్ళు పోసి మంచిగ కరిగించి అందుల గడ్డలు వేయండి. మునిగిన గడ్డల పిండి ఎక్కువున్నట్టు, కాల్చనీకి అవి తీసుకోండి, తేలినయి కూరకు, పులుసుకు పెట్టుకోండి. ఒక్క సంచిల గడ్డలే కొన్ని తేలుతయి కొన్ని మునుగుతయి. అంగడిల చూసేటప్పుడైతే పొట్టు గోరుతోని రుద్దితే ఊడిపోయే చలికాలపు కొత్తగడ్డ వద్దు, పొట్టు గట్టిపడి, బిర్రుగ, చేతిల పెట్టుకుంటే బరువుగ ఉన్నది తీసుకోండి. మన రాష్ట్రంలనే జహీరాబాద్ దిక్కు ఆలుగడ్డ పండిస్తరు, ఆ పంట వచ్చినప్పుడు కోల్డ్ స్టోరేజీ మొఖం చూడని గడ్డ దొరుకుతది, పొట్టు ముదిరిందైతే వదలొద్దు.

తియ్యగుండుడు సంగతి కోల్డ్ స్టోరేజీ తోనే వస్తది. ఉత్తరాదిల ఫిబ్రవరి, మార్చిల తీసిన పంటను నెలల తరబడి చల్లగ పెడతరు, బాగ చల్లదనానికి గడ్డల పిండి కొంచెం కొంచెం చక్కెరగ మారుతది, కాలిస్తే తియ్యగ ఉంటది, తొందరగ నల్లబడతది. అటువంటి గడ్డలు ఇంట్ల గాలి తగిలే చీకటి మూలకు వారం పదిరోజులు గంపల పెట్టండి, ఆ తీపి కొంత తగ్గుతది. ఈ లెక్కననే ఆలుగడ్డల్ని ఫ్రిజ్‌ల పెట్టొద్దంటున్న. ఎండ తగిలి పచ్చగ అయినయి, బాగ మొలకలొచ్చినయి మాత్రం కాల్చనీకి అసలే వద్దు, వాటిల సోలనిన్ అనే చేదు విషం ఉంటది, అది కాలిస్తే ఉడికిస్తే పోదు, పైగ ఈ వంటల పొట్టు కూడ తింటం కదా.

ప్రశ్న: మాకు ఓవెన్ లేదు, కొనే ఆలోచన కూడ లేదు. గ్యాస్ పొయ్యి మీద అయితదా? కుక్కర్‌ల పెట్టొచ్చా? (దేవరకొండ)

మంచిగనే అయితది చెల్లె, ఓవెన్ లేదని ఆగాల్సిన పని లేదు. మందమైన ఇనుప కడాయి గాని అడుగు మందమున్న పాత గంజు గాని తీసుకోండి, అడుగున రెండు వేళ్ళ మందం దొడ్డుప్పు పోయండి, దాని మీద తుడిచిన పొడి గడ్డలు ఒకదానికొకటి తగలకుండ పెట్టి మూత వేయండి. మొదలు 10 నిమిషాలు పెద్ద మంట, ఉప్పు వేడెక్కినంక సన్నం కంటె కొంచెం ఎక్కువ. ప్రతి పావుగంటకు ఒకసారి పట్కారుతోని తిప్పాలె, తిప్పినప్పుడల్ల మూతకు పట్టిన నీళ్ళు బట్టతోని తుడవాలె, ఈ తుడుచుడు మీదనే మొత్తం ఉన్నది, నీళ్ళు కారి మళ్ళ ఉప్పుల పడితే ఫాయిల్ చుట్టినట్టే అయితది. గంట, గంటంపావు పడుతది, ఆఖరు 10 నిమిషాలు మూత కొంచెం పక్కకు జరపండి. ఉప్పు వేడిని పట్టుకొని అన్ని దిక్కుల సమంగ ఇస్తది, పొట్టు పొడిగ ఉంటది కాబట్టి ఉప్పు లోపలికేమీ దిగదు, దులిపి తినొచ్చు. ఆ ఉప్పు పారబోయకుండ డబ్బల పెట్టుకుంటె మళ్ళ మళ్ళ దీనికే పనికొస్తది.

కుక్కర్ సంగతి జర జాగ్రత్తగ వినండి. నీళ్ళు లేకుండ రబ్బరు, విజిల్ పెట్టి కుక్కర్ మూసి పొయ్యి మీద ఎక్కించొద్దు, ఎవరు ఫోన్ల చూపించినా వద్దు, రబ్బరు కాలుతది, సేఫ్టీ వాల్వ్ పోతది. రబ్బరు, విజిల్ రెండూ తీసి వాడేటోళ్లు ఉన్నరు, అట్లయినా పల్చని అల్యూమినియం కుక్కర్ ఉత్తగ కాలి పాడైతది, కాబట్టి నేనైతే పాత ఇనుప కడాయే వాడమంట. నాన్‌స్టిక్ గిన్నె అసలుకే వద్దు, ఖాళీగ బాగ వేడెక్కి 260 డిగ్రీలు దాటితే ఆ కోటింగ్ చెడిపోయి పొగ వదులుతది.

ప్రశ్న: నల్లగొండల జాబ్, రూంల మైక్రోవేవ్ ఒక్కటే ఉన్నది. రాత్రి వచ్చేసరికి 9 అయితది, తొందరగ అయ్యే పద్ధతి చెప్పండి.

తమ్మీ, మైక్రోవేవ్‌ల ఒక గడ్డ 5 నుంచి 8 నిమిషాలల్ల అయితది, పోట్లు మాత్రం తప్పకుండ పొడవాలె, ఇక్కడ నిజంగనే పేలుతది. సగం టైంకు తిప్పి పెట్టు, ఫాయిల్ లోపల పెట్టకు. లోపల అయితది గని పొట్టు మెత్తగ తోలు లెక్క ఉంటది, ఎందుకంటే అది లోపలి నీళ్ళనే వేడి చేస్తది, చుట్టూ గాలి చల్లగనే ఉంటది, పొట్టు ఎండదు. అందుకని ఇండక్షన్ స్టవ్ ఉంటే పెంక బాగ వేడి చేసి చుక్క నూనె వేసి ఆ గడ్డను దొర్లించుకుంట 5 నిమిషాలు కాల్చు. మొత్తం పావుగంట పని, ఓవెన్ల దానికి చానా దగ్గరగ వస్తది. మీ మైక్రోవేవ్‌ల కన్వెక్షన్ మోడ్ ఉన్నదేమో ఒకసారి చూడు, ఉంటే మామూలు మోడ్‌ల 5 నిమిషాలు, తర్వాత కన్వెక్షన్‌ల 200 మీద 15, 20 నిమిషాలు పెట్టు, పెంక పని కూడ ఉండదు.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్‌ల? (జడ్చర్ల)

ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అన్నిటికంటె సుళువు ఇదే. లోపల ఫ్యాన్ వేడి గాలిని తిప్పుతనే ఉంటది కాబట్టి పొట్టు మంచిగ ఎండుతది. 200 డిగ్రీలు, 35 నుంచి 45 నిమిషాలు, సగంల ఒకసారి తిప్పాలె, బుట్ట నిండ కుక్కొద్దు, గాలి తిరగనీకి సందు ఉండాలె. ఉప్పు నీళ్ళు, ఆఖరుకు నూనె, తీయంగనే కోసుడు, అన్నీ పైన చెప్పినట్టే.

ప్రశ్న: మా చిన్నప్పుడు పొయ్యిల బూడిదల కందగడ్డలు కాల్చుకునేటోళ్లం. ఆలుగడ్డ కూడ అట్ల కాల్చొచ్చా? మా ఊళ్ళె ఇప్పటికీ కట్టెల పొయ్యి ఉన్నది. (అచ్చంపేట దిక్కు ఒక పెద్దమనిషి)

కాల్చొచ్చు పెద్దనాయినా, మీ ప్రశ్న చదివి చానా సంతోషమైంది. ఆలుగడ్డ పుట్టింది దక్షిణ అమెరికాల ఆండీస్ కొండల్ల, పెరూ దిక్కు. అక్కడి రైతులు ఇప్పటికీ గడ్డలు తవ్వే కాలంల చేన్లనే మట్టి పెళ్ళలు పేర్చి చిన్న గుమ్మటం లెక్క కట్టి, లోపల మంట పెట్టి పెళ్ళలు ఎర్రగ కాలినంక గడ్డలు లోపల వేసి ఆ గుమ్మటాన్నే మీద కూలగొట్టి మట్టి కప్పుతరు, దాన్ని వతియా అంటరు. అంటే మీరు చిన్నప్పుడు చేసిన పని ఈ గడ్డకు పుట్టింటి పద్ధతే.

మంట మీద మాత్రం పెట్టొద్దు, పైన బొగ్గై లోపల పచ్చిగ ఉంటది. మంట తగ్గి నిప్పులై, నిప్పుల మీద తెల్లబూడిద పట్టినంక మొదలుపెట్టాలె. పత్తికట్టె, కందికట్టె భగ్గున మండి పోతయి, వాటికి నిప్పులు నిలవవు, తుమ్మ కట్టెనో సర్కారు తుమ్మనో అయితే గంటసేపు వేడి పట్టుకుంటది. రంగులేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఆ పొయ్యిల వేయొద్దు, ఆ పొగ తిండికి పట్టుకుంటది. నిప్పులు పక్కలకు జరిపి వేడి బూడిదల గుంత చేసి గడ్డ పెట్టి మీద బూడిద కప్పి, ఆ పైన కొన్ని నిప్పులు వేయండి. ఇక్కడ గడ్డను కడిగితే పూర్తిగ ఆరనియ్యాలె, తడి మీద బూడిద అంటుకుంటది. చిన్నయి, 100 గ్రాములయి అయితే 40 నిమిషాలు, పెద్దయి గంట. నడుమల ఒకసారి తిప్పి మళ్ళ కప్పండి. బూడిద వేడిని ఆపుతది గని ఆవిరిని ఆపదు, అందుకే లోపల పిండి తెల్లగ పొడిపొడిగ వస్తది, ఆ పొగ వాసన ఏ ఓవెనూ ఇయ్యలేదు. ఇక్కడ పొట్టు తినకుండ కోసి లోపలిది తీసుకొని తినండి, నల్లగ మాడిన భాగం పక్కకు పెట్టండి. నా లెక్కల అన్ని పద్ధతుల్ల రుచి దీనిదే ముందు, ఈ మాట ఓటీజీ కొన్నోళ్లకు నచ్చకపోవచ్చు గని నిజం అదే.

ప్రశ్న: మా ఆయనకు షుగర్ ఉన్నది. నూనెల వేయించలేదు కదా, కాల్చింది తినొచ్చు అంటడు. (సూర్యాపేట)

నూనె తక్కువ, అది నిజమే అమ్మా, గని షుగర్‌కు లెక్క నూనెతోని కాదు. 200 గ్రాముల కాల్చిన గడ్డల 40 గ్రాములకు పైనే పిండి పదార్థం ఉంటది, పైగ కాల్చిన ఆలుగడ్డ రక్తంల చక్కెరను తొందరగ పెంచే వాటిల్ల ఒకటి. అందుకని దాన్ని కూర లెక్క అన్నంల కలుపుకొని తినుడు వద్దు, తింటే అన్నం బదులు తినాలె, చిన్న గడ్డ సగం, పక్కన గడ్డపెరుగు, ఉడకబెట్టిన శనగలో గుడ్డో, పచ్చి కూరగాయ ముక్కలు బాగ ఉండాలె. కాల్చి చల్లార్చి ఫ్రిజ్‌ల పెట్టి మర్నాడు తింటే అందులోని పిండి కొంత అరగని రకంగ మారుతది, చక్కెర పెరుగుడు జర నెమ్మదిస్తది, గని దాన్ని చూసి ఎక్కువ తినేటంత తేడా కాదు. తిన్నంక రెండు గంటలకు ఒకసారి మీటర్ల చూసుకుంటే ఆయన ఒంటికి ఎంత పడుతదో మీకే తెలుస్తది. కిడ్నీ సమస్య ఉన్నోళ్లు ఇంకా జాగ్రత్తగ ఉండాలె, ఆలుగడ్డల పొటాషియం ఎక్కువ, నీళ్ళల్ల ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతది, కాలిస్తే మొత్తం అందులనే ఉంటది, డాక్టర్‌ను అడగకుండ పెట్టొద్దు.

ప్రశ్న: చీజ్, సోర్ క్రీం మా ఊళ్ళె దొరకవు. మీద ఏం వేయాలె? (నకిరేకల్ దగ్గర)

దొరకకపోతే బాధే లేదు, మీ దగ్గరున్నవే దీనికి బాగ కుదురుతయి. పిండి గడ్డకు మూడు కావాలె, ఒక కొవ్వు, ఒక పులుపు, ఒక కారం. వెన్నపూస ముందు వేయాలె, గడ్డ వేడివేడిగ ఉన్నప్పుడే, కోసిన సందులల్లకు కరిగి దిగాలె, పెరుగు ముందు వేస్తే గడ్డ చల్లారి వెన్న కరగదు. సోర్ క్రీం బదులు గడ్డపెరుగు బట్టల కట్టి రెండు గంటలు వేలాడదీస్తే అంతకంటె బాగుంటది, అందుల ఉప్పు, దంచిన ఎల్లిపాయ, కొత్తిమీర కలపండి. మీది నకిరేకల్ కాబట్టి నిమ్మకాయకు కొదవే లేదు, సగం చెక్క పిండండి.

ఇంకో జోడి నాకు చానా ఇష్టమైనది, వేయించి దంచిన పాలమూరు పల్లీలు, ఎండు మిరపకాయ, ఎల్లిపాయ, ఉప్పు కలిపిన పొడి, దాని మీద కరిగిన నెయ్యి. పల్లీలు పొడి మరీ మెత్తగ చేయొద్దు, పంటికి తగలాలె. పుంటికూర తొక్కు, చింతకాయ తొక్కు కూడ కుదురుతయి, కొంచెమే వేయాలె. ఆదివారం మిగిలిన ఖీమా ఉంటే నీళ్ళు ఇగిరేదాంక వేడి చేసి మీద పెట్టండి, రసం కారే కూర వేస్తే మాత్రం ఇంతసేపు నీళ్ళు తీసిన పనికి అర్థమే లేదు. టర్కీల కుంపిర్ అని అమ్ముతరు, వాళ్ళు గడ్డను కోసి లోపలనే వెన్న, చీజ్ వేసి ఫోర్కుతోని గట్టిగ కలిపి, ఆ పైన మక్క గింజలు, ఊరగాయలు అన్నీ పేరుస్తరు. పిల్లలున్న ఇంట్ల ఈ పద్ధతి బాగ నడుస్తది, ఎవరికి కావాల్సింది వాళ్ళు పెట్టుకుంటరు.

ప్రశ్న: ఎక్కువ చేసి పెట్టుకోవచ్చా? పొద్దున పిల్లల డబ్బాలకు? (నాగర్‌కర్నూల్)

పెట్టుకోవచ్చు, ఒక్క షరతు. కాల్చిన గడ్డను రాత్రంత బయట పెట్టొద్దు, ఫాయిల్ చుట్టి బయట పెట్టుడు ఇంకా ప్రమాదం. మట్టిల ఉండే బోటులిజం బ్యాక్టీరియా గింజలు ఓవెన్ వేడికి చావవు, ఫాయిల్ లోపల గాలి ఆడని తడి వేడి వాటికి పెరగనీకి కావాల్సిన చోటు. 1994ల అమెరికాల టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసోల ఒక రెస్టారెంట్‌ల ఫాయిల్ చుట్టి కాల్చిన ఆలుగడ్డల్ని రోజుల తరబడి బయటనే పెట్టి, వాటితోని చట్నీ లాంటిది చేసి వడ్డిస్తే 30 మందికి ఈ జబ్బు వచ్చింది, నరాలు చచ్చుబడే జబ్బు అది. మన ఎండకాలంల ఇల్లంత కుంపటై ఉన్నప్పుడు ఇంకా భయపడాలె. తిన్నంక మిగిలింది రెండు గంటల లోపల కోసి, విప్పి, ఫ్రిజ్‌ల పెట్టండి, మూడు నాలుగు రోజులల్ల వాడేయండి. పొద్దున డబ్బాకైతే ముక్కలు కోసి పెంక మీద జీలకర్ర, కారం వేసి ఎర్రగ వేయించి పెట్టండి, మళ్ళ మైక్రోవేవ్‌ల పెడితే తోలు లెక్క అయితది.

ప్రశ్న: చుట్టాలొస్తున్నరు, పది మందికి చేయాలె, ఓటీజీ చిన్నది. (కొల్లాపూర్)

జాలీ మీద సందు ఉంచి ఎన్ని పడితే అన్నే పెట్టండి, గడ్డ గడ్డ తగలొద్దు. మొదటి వాయి 45 నిమిషాలకు తీసి పక్కకు పెట్టి, రెండో వాయి పూర్తిగ కాల్చి, వాళ్ళు కూర్చునే ముందు మొదటి వాయికి నూనె రాసి మళ్ళ 15 నిమిషాలు పెట్టండి. మొదటి వాయిని తీసినప్పుడు కోయొద్దు, మూత కూడ వేయొద్దు, జాలీ మీదనే గాలికి ఉంచండి, కోసుడు వడ్డించేటప్పుడే.